ఉప్పు మడి కూడా సాగుభూమే

హౌరా–చెన్నై రైలుమార్గంలో వేసవిలో ప్రయాణించేవాళ్లకు శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర, మళ్లీ బాపట్ల జిల్లా చినగంజాం దగ్గర, చదునైన నేల మీద తెల్లటి కుప్పలు బారులు తీరి కనిపిస్తాయి. నెల్లూరు జిల్లా ఇస్కపల్లి వైపు సముద్రపు ఒడ్డుకు వెళ్లినా అవే కుప్పలు. అవి ఉప్పు కొటార్లు. రోడ్డు పక్కన కారు ఆపి, గట్టు మీదికి నడిచి, నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లేవాళ్లూ ఉన్నారు. వెళ్లి చూడటం మంచి పనే. కానీ కాస్త ఆగి చూడాలి, అక్కడ జరుగుతున్న పని ఏమిటో అడిగి తెలుసుకోవాలి. అలా చూసినవాళ్లకు ఒక ప్రశ్న తప్పక ఎదురవుతుంది. నేల చదును చేసి, గట్లు వేసి, నీరు కట్టి, ఎండ కోసం ఎదురుచూస్తూ వానకు భయపడుతూ, ఏడాదికొక్కసారి వచ్చే ఫలసాయం మీద బతికే మనిషిని రైతు అనకపోతే ఇంకేమనాలి? తీర గ్రామాల్లో ఈ విషయంలో ఎవరికీ సందేహం లేదు. ప్రభుత్వ దస్త్రాల్లో మాత్రం అది పంట కాదు, ఆ నేల సాగుభూమి కాదు. ఉప్పు మడిని సాగుభూమిగా, అందులో దిగి పనిచేసేవాళ్లను సాగుదారులుగా గుర్తించాలన్నది ఈ ప్రసంగంలో నా వాదన.

ముందు ఆ పని ఎలా సాగుతుందో చెబుతాను. లీటరు సముద్రపు నీటిలో అన్ని లవణాలూ కలిపి సుమారు 35 గ్రాములుంటాయి. అందులో మనం తినే ఉప్పు 27 గ్రాములు. 50 కిలోల బస్తా నిండాలంటే, ఒక్క చుక్క వృథా కాకపోయినా, 1,800 లీటర్లకు పైగా నీరు ఎండాలి. ఉప్పుటేట్లో పోటు వచ్చినప్పుడు ఆ నీటిని పెద్ద మడిలోకి తీసుకుంటారు. కొన్నిచోట్ల భూమిలోని ఉప్పునీటినే తోడతారు, ఒకప్పుడు ఏతాలతో, ఇప్పుడు మోటార్లతో. అక్కణ్నుంచి ఒక మడి తర్వాత ఒక మడిలోకి, పల్చగా, నెమ్మదిగా పారిస్తారు. నీటి చిక్కదనాన్ని డిగ్రీల్లో కొలుస్తారు. సముద్రపు నీరు సుమారు 3 డిగ్రీలు. అది చిక్కబడుతున్న కొద్దీ ముందు సున్నం, తర్వాత జిప్సం అడుగుకు దిగిపోతాయి. 25 డిగ్రీలకు వచ్చేసరికి మొదట పెట్టిన నీటిలో పదో వంతే మిగులుతుంది. ఉప్పు దిగడం అప్పుడు మొదలవుతుంది. 29, 30 డిగ్రీలు దాటనిస్తే మెగ్నీషియం లవణాలు కలిసి ఉప్పు చేదెక్కుతుంది, తేమ పట్టి కారుతుంది. అందుకే ఆ చేదు నీటిని సమయం చూసి వదిలెయ్యాలి. అంటే మొత్తం పంట ఆ నాలుగైదు డిగ్రీల మధ్యనే చేతికి రావాలి. నీరు ఎప్పుడు పెట్టాలి, ఎంత లోతున పెట్టాలి, ఎప్పుడు తీసెయ్యాలి అన్నది ఎండనూ గాలినీ మబ్బునూ చూసి ఏ రోజుకారోజు నిర్ణయించుకోవాలి. వరి మడికి నీరు కట్టే రైతు చేసే నిర్ణయాలకు ఇవి ఏ విధంగానూ తీసిపోవు.

ఇంకా దగ్గరగా చూడాల్సింది మడి అడుగును. వానాకాలం వెళ్లాక మడి నిండా బురద ఉంటుంది. నిలిచిన నీటిని తోడేసి, మెత్తటి బురదను ఎత్తేసి, కింది బంకమన్నును చదును చేస్తారు. కాస్త ఆరాక దాన్ని పాదాలతో తొక్కుతారు. పల్చగా ఉప్పునీరు పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ తొక్కుతారు. రోజుల తరబడి ఇదే పని. ఒక అడుగు పక్కన ఇంకో అడుగు, మధ్యలో జానెడు జాగా కూడా వదలకుండా, మడి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. నేల బిగిసిందో లేదో పాదానికి తెలుస్తుంది. బిగియకపోతే చిక్కబడిన నీరు ఇంకిపోతుంది, ఉప్పు లాగేటప్పుడు మన్ను లేచి ఉప్పంతా నల్లబడుతుంది. మే నెలలో మనం చూసే తెల్లదనం చలికాలం చివర తొక్కిన ఆ అడుగులోంచి వస్తుంది. ఉప్పు దిగాక, పొడవాటి కర్రకు అడ్డంగా పలక బిగించిన పనిముట్టుతో దాన్ని గట్టు వైపు లాగుతారు. అడుగు పెళ్లగిలకుండా, పైనున్న ఉప్పు మాత్రమే వచ్చేలా లాగడంలోనే ఉంది చేతి నేర్పు. నీరు కారేదాకా గట్టు మీద ఉంచి, గంపలకెత్తి, తల మీద మోసుకెళ్లి మెరక మీద కుప్ప పోస్తారు. వానల ముందు దాని మీద తాటాకు కప్పుతారు. ఇదంతా జనవరి నుంచి నైరుతి వానల దాకా దొరికే కొద్ది నెలల్లో జరగాలి. ఏప్రిల్‌లోనో మేలోనో ఒక్క గట్టి వాన పడితే మడిలో దిగిన ఉప్పు కరిగిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం, వారాల తరబడి ఎండ పోసి చిక్కబరచిన నీరంతా మళ్లీ పల్చబడిపోతుంది. పండిన చేను నీళ్లపాలు కావడానికీ దీనికీ తేడా లేదు.

తేడా దస్త్రాల్లో ఉంది. మన ఆర్థిక గణాంకాల వర్గీకరణలో సముద్రపు నీటిని ఎండబెట్టి ఉప్పు తీయడం గనుల పద్దు కిందికి వస్తుంది. బొగ్గు, ఇనుప ఖనిజం, రాతి తవ్వకాల సరసన దాన్ని లెక్కవేస్తారు. ఆంధ్ర తీరంలోని ఉప్పు మడిలో ఎవరూ దేన్నీ తవ్వి తీయడం లేదు, అయినా అంతే. రాజ్యాంగం వ్యవసాయాన్ని రాష్ట్ర జాబితాలో పెట్టింది. ఉప్పు తయారీ, సరఫరా, నియంత్రణ కేంద్ర జాబితాలో 58వ అంశం. దాంతో మడి ఉన్న ఊరికి దగ్గరగా ఉండే వ్యవసాయ శాఖకు ఉప్పుతో సంబంధం లేకుండా పోయింది. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో ఆహార ధాన్యాలున్నాయి, నూనెగింజలున్నాయి, వాణిజ్య, ఉద్యాన పంటలున్నాయి. ఉప్పు లేదు. అకాల వర్షం పడితే పక్క పొలంలోని నువ్వు చేనుకు నష్టం రాసుకోవడానికి మనిషి వస్తాడు, గట్టు ఇవతల కరిగిపోయిన ఉప్పుకు రాసుకోవడానికి పుస్తకంలో గడే లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరాన్ని కూల్చేసినప్పుడు ప్రభుత్వం కొబ్బరి చెట్లను లెక్కపెట్టి చెట్టుకింతని పరిహారం ప్రకటించింది. అది చాలా సరైన పని. లెక్కపెట్టడానికి ఒక పద్ధతి ఉంది కాబట్టే అది సాధ్యమైంది.

పద్దు లేకపోవడం పరిహారంతో ఆగదు. సాగుభూమి కానిదాన్ని ఖాళీ భూమిగా చూడటం సులువు. కేంద్ర ప్రభుత్వానికి దేశవ్యాప్తంగా ఉన్న ఉప్పు భూములు సుమారు 60 వేల ఎకరాలు. అందులో దాదాపు మూడో వంతు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. తీరం వెంట రేవులకూ పరిశ్రమలకూ చోటు వెతికేవాళ్ల చూపు వీటి మీద పడకుండా ఉండదు. నౌపడ ఉన్న సంతబొమ్మాళి మండలంలోనే మూలపేట రేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. రేవు వద్దని నేననడం లేదు. అయితే చుట్టుపక్కల నేల విలువ కట్టే రోజు వచ్చినప్పుడు, ఒక మడిని బిగించడానికి ఎన్ని చలికాలాల శ్రమ పట్టిందో, దాని మీద ఎన్ని ఇళ్లు బతుకుతున్నాయో ఆ లెక్కలోకి రావాలంటే, ముందు అది సాగులో ఉన్న నేల అని ఎక్కడో రాసి ఉండాలి.

ఉప్పు ఇలా పంటల లెక్కలోంచి తప్పిపోవడానికి చరిత్రలో కారణం ఉంది. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద గుత్తాధిపత్యం ఏర్పరచుకుంది. అప్పటి నుంచి మడిలో ఉప్పు తీసినవాళ్లు దాన్ని సర్కారుకే, సర్కారు కట్టిన ధరకే అప్పగించాల్సి వచ్చింది. కొటారుకు కాపలా వచ్చింది, గుప్పెడు ఉప్పు ఇంటికి తీసుకెళ్లడం నేరమైంది. తీరానికి దూరంగా చవిటి మన్ను కడిగి ఉప్పు తీసే పనిని పంతొమ్మిదో శతాబ్దం చివరికల్లా అణచివేశారు. ఆ పని మీద ఆధారపడిన ఉప్పర కుటుంబాలెన్నో చెరువులు తవ్వడానికీ కట్టలు పోయడానికీ మళ్లాయి. మన తాతల కాలంలో తెలుగునాట ఉన్న చెరువుల్లో వాళ్ల చెమట ఎంతుందో చెప్పాలంటే ఇంకో ప్రసంగం కావాలి. పాలకులకు మడి పన్ను వసూలయ్యే చోటు, అంతే. ఆ పన్ను మీదే 1930 ఏప్రిల్ 6న గాంధీజీ దండిలో తిరగబడ్డారు. ఆంధ్రలో టంగుటూరి ప్రకాశం పంతులు, కొండా వెంకటప్పయ్య వంటివారు ముందు నిలిచారు. దేవరంపాడు సత్యాగ్రహ శిబిరమైంది. అదే ఉద్యమంలో మచిలీపట్నం కోనేరు సెంటర్లో తోట నరసయ్యనాయుడు లాఠీ దెబ్బలకు స్పృహ తప్పేదాకా జెండా వదల్లేదు. 1931 మార్చి నాటి గాంధీ–ఇర్విన్ ఒడంబడికలో, ఉప్పు దొరికే ప్రాంతాల గ్రామస్థులు తమ వాడకానికి ఉప్పు తీసుకోవచ్చన్న హక్కు దక్కింది. 1947లో ఉప్పు పన్ను పోయింది. 1948లో పదెకరాల లోపు మడులకు లైసెన్సు అక్కర్లేదన్నారు. అది చిన్న రైతును దృష్టిలో పెట్టుకున్న నిర్ణయం. ఆ దారిలోనే ఇంకొక అడుగు పడి ఉంటే ఉప్పు మడి ఆనాడే వ్యవసాయం కిందికి వచ్చేది. పడలేదు. పన్ను పోయినా, ఆ పన్ను కోసం ఏర్పడిన చూపు పోలేదు.

ఉప్పు మడిని సాగుభూమిగా గుర్తించాలనడానికి వచ్చే మొదటి అభ్యంతరం తెలిసిందే. విత్తనం లేదు, మొలక లేదు, ప్రాణమున్నదేదీ పెరగడం లేదు, దీన్ని వ్యవసాయం అంటే ఎలా అంటారు. వృక్షశాస్త్రం ప్రకారం ఇది సరైన మాటే. కానీ ప్రభుత్వ సాయానికి గీసే గీత వృక్షశాస్త్రం గీసేది కాదు. సముద్రంలో చేపను ఎవరూ విత్తడం లేదు. అయినా 2018–19 బడ్జెట్‌లో కిసాన్ క్రెడిట్ కార్డును మత్స్యకారులకూ పశుపోషకులకూ విస్తరించారు. ప్రకృతి మీద ఆధారపడిన పని, ఒక రుతువులో పెట్టుబడి పెట్టి ఇంకో రుతువులో చేతికందే ఆదాయం, వాతావరణం తిరగబడితే మొత్తం పోయే ప్రమాదం, ఈ మూడూ ఉన్నచోట రైతుకిచ్చే రుణం ఇవ్వాలన్నదే దాని వెనకున్న తర్కం. ఉప్పు మడిలో ఈ మూడూ ఉన్నాయి. ఇంకో ఆధారం సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. తీరం పొడవునా రొయ్యల చెరువులు విచ్చలవిడిగా పెరిగిన రోజుల్లో, ఎస్. జగన్నాథ్ కేసులో 1996 డిసెంబరు 11న కోర్టు తీర్పు చెబుతూ, ఏయే భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదో పేర్కొంది. ఆ వరసలో వ్యవసాయ భూములున్నాయి, వాటి వెంటనే ఉప్పు భూములున్నాయి, మడ అడవులున్నాయి, ఊరి ఉమ్మడి భూములున్నాయి. కాపాడాల్సిన విషయంలో పొలమూ ఉప్పు మడీ ఒక్కటేనని అత్యున్నత న్యాయస్థానం పాతికేళ్ల పైనే అయింది చెప్పి. చెరువుగా మార్చకూడదన్నప్పుడు పొలంతో సమానమైన నేల, వాన పడి నష్టపోయినప్పుడు ఎందుకు కాకూడదు?

రెండో అభ్యంతరం ఆర్థికశాస్త్రం చదివినవాళ్లది. దేశంలో తయారయ్యే ఉప్పులో మూడొంతులకు పైగా ఒక్క గుజరాత్‌లోనే వస్తుంది. అక్కడి విశాలమైన క్షేత్రాల్లో యంత్రాలతో తీసే ఉప్పు చౌక. అలాంటప్పుడు ఆంధ్ర తీరంలో చిన్న మడులను నిలబెట్టడం ఎందుకు? చౌక ఉప్పు ముందు తీరప్రాంతపు తయారీని వదులుకుంటే ఏమవుతుందో బెంగాల్ అనుభవం చెబుతుంది. ఇంగ్లండు నుంచి లివర్‌పూల్ రేవు మీదుగా ఓడల్లో దిగిన ఉప్పుకు తట్టుకోలేక అక్కడి తీరంలో తయారీ 1860ల నాటికి దాదాపు ఆగిపోయింది. ఉప్పు వండే మలంగీల బతుకు చెదిరిపోయింది. నోరూరించే చేపల కూరలు వండుకునే ఆ నేల, సముద్రాన్ని పక్కన పెట్టుకుని దశాబ్దాలపాటు లివర్‌పూల్ ఉప్పు మీదా ఏడెన్ ఉప్పు మీదా ఆధారపడింది. ఒకే తీరం మీద అందరూ ఆధారపడటంలో ఇంకో ప్రమాదం ఉంది. 1998 జూన్‌లో గుజరాత్‌ను ముంచెత్తిన తుపానులో కాండ్లా చుట్టుపక్కల ఉప్పు మడుల్లోని కూలీలు ఎంతోమంది కొట్టుకుపోయారు. వాతావరణం ఏ ఏడాది ఏ తీరాన్ని దెబ్బతీస్తుందో తెలియని కాలం ఇది. పైగా ఉప్పు బరువెక్కువ, ధర తక్కువ సరుకు. దాని రవాణా ఖర్చే దాని ధరలో పెద్ద పాలు. చేపలు ఎండబెట్టేవాళ్లకూ తోళ్లు నిలవచేసేవాళ్లకూ దగ్గర్లోని కొటారే ఆసరా. ఆవకాయ పెట్టే ఇళ్లు మామిడికాయ దిగే రోజుల్లోనే కల్లుప్పు కోసం చూస్తాయి, మడిలో ఉప్పు నిండుగా దిగేది కూడా ఆ రోజుల్లోనే.

మూడోది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం, దాన్ని తేలిగ్గా దాటెయ్యడం తప్పు. అయోడిన్ లేని ఉప్పు ఆరోగ్యానికి చేటు కాదా అన్నది. అవును, అయోడిన్ లోపం గొంతువాపుతో ఆగదు, కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలనూ దెబ్బతీస్తుంది. ఈ విషయంలో దేశానికి దారి చూపినవాడు శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1956లో నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో ఆయన, సహచరులు లోయను మూడు మండలాలుగా విడదీసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు అందేలా చేశారు. కొన్నేళ్లలో అయోడిన్ అందిన చోట గొంతువాపు బాగా తగ్గింది, అందని చోట తగ్గలేదు. 1962లో జాతీయ గొంతువాపు నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2006 నుంచి నేరుగా తినడానికి అమ్మే ఉప్పులో అయోడిన్ తప్పనిసరి. ఈ నిబంధన ఉండాలి, సహజమైన ఉప్పు పేరుతో దాన్ని సడలించమనే వాదనతో నేను ఏకీభవించను. కానీ దీనివల్ల చిన్న మడి మూతపడాలన్న నియమం ఎక్కడా లేదు. తయారీ దశలో పది లక్షల పాళ్లకు 30 పాళ్ల అయోడిన్ ఉండాలి. టన్ను ఉప్పుకు సుమారు 50 గ్రాముల పొటాషియం అయోడేట్ చాలు. దాన్ని నీళ్లలో కరిగించి ఉప్పు మీద సమంగా చల్లాలి. ఒక్క రైతు సొంతంగా పెట్టుకోలేని యంత్రమే, కానీ కొన్ని గ్రామాల సహకార సంఘం పెట్టుకోగలదు. దాన్ని పెట్టించడం, పరీక్షించే మనిషిని ఇవ్వడం ప్రభుత్వం పని. అది లేకనే చిన్న రైతు తన ఉప్పును తినేవాళ్లకు అమ్ముకోలేక, వచ్చిన ధరకు దళారి చేతిలో పెడుతున్నాడు. పాడి రైతుకు ఊళ్లోనే పాలు చల్లబరిచే కేంద్రం పెట్టించినవాళ్లకు ఇది చేతకాని పని కాదు.

చివరిగా ఒక అభ్యంతరం మనసున్నవాళ్ల దగ్గర్నుంచి వస్తుంది. ఇంత కష్టమైన పనిని నిలబెట్టమనడం న్యాయమా అంటారు. తెల్లటి ఉప్పు మీద పడి మళ్లీ కళ్లలో కొట్టే ఎండ, ఉప్పునీటిలో నాని పగిలే పాదాలు, పగిలినచోట మళ్లీ ఉప్పు పడి మండే పుండు, తల మీద తడి ఉప్పు గంప. గంపలు మోసేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. ఈ కష్టాన్ని అందంగా చూపించే ఫొటోలు నాకు నచ్చవు. కానీ పద్దులో లేని మనిషి కష్టం తగ్గించాలని ఎవరికీ తోచదు. రబ్బరు బూట్లు, నల్ల కళ్లద్దాలు, గంపకు బదులు చక్రాల బండి, మడి గట్టున నీడ, మంచినీళ్లు, ఏటా ఒకసారి కంటి పరీక్ష, ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. తగిన ఆదాయం, కాస్త రక్షణ దొరికాక కూడా మడిలో పనిచేసేవాళ్ల పిల్లలు ఈ పని వద్దనుకుంటే అది వాళ్ల ఇష్టం. నష్టపోయి, అప్పులపాలై, దిక్కుతోచక మడి వదిలి వెళ్లడం ఇష్టపూర్వకంగా వెళ్లడం కాదు.

అయితే సాగుభూమి అని రాసినంత మాత్రాన ఫలితం చేరాల్సినవాళ్లకు చేరుతుందా? ఈ భయం నిజమైనదే. మడి లీజు ఒకరి పేరు మీద, అందులో దిగి తొక్కేది ఇంకొకరు అయినచోట, సాయమంతా లీజుదారు ఖాతాలోకి పోవచ్చు. వరి పొలాల్లో కౌలు రైతు విషయంలో మనం చూస్తున్నది అదే. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. భూమి ఎవరిదైనా పదకొండు నెలల ఒప్పందంతో సాగుదారుకు కార్డు ఇచ్చే ఏర్పాటు అది. ఆ కార్డుకు పొలం యజమాని సంతకం కావాలి, చాలామంది యజమానులు సంతకం పెట్టడానికి జంకుతారు, అక్కడే అది కుంటుపడింది. ఉప్పు మడుల విషయంలో ఆ చిక్కు చాలా చోట్ల లేదు. వేల ఎకరాలకు యజమాని ప్రభుత్వమే. కొటార్లను చూడటానికి వెళ్లేవాళ్లు ఫొటో తీసే ముందు గట్టు మీదున్నవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: ఈ మడి కాగితం ఎవరి పేరు మీద ఉంది, మొన్నటి వానకు మీకేం అందింది? ఆ జవాబులు విన్నాక మీ శాసనసభ్యుడికో పార్లమెంటు సభ్యుడికో ఒక ఉత్తరం రాయండి. ఉప్పు మడిలో పనిచేసేవాళ్ల పేరు మీద సాగు కార్డు ఇవ్వడానికి కావలసిన యజమాని సంతకం ప్రభుత్వం దగ్గరే ఉంది. వచ్చే జనవరిలో మడి తొక్కడం మొదలయ్యేలోగా ఆ సంతకం పెట్టవచ్చు.